కిడ్నీలో 4.8 సెంటీమీటర్ల గడ్డ: ముక్క పరీక్ష లేకుండానే ఆపరేషన్ అంటున్నారు, ఇది సరైన పద్ధతేనా?

నర్సంపేట వాసి:

అందరికీ నమస్కారం. మా బాపు వయసు 58 సంవత్సరాలు. నర్సంపేట దగ్గర పల్లెలో పత్తి, మిర్చి సాగు చేస్తారు. కొన్నేళ్లుగా బీపీ గోళీలు వాడుతున్నారు, బీడీలు తాగే అలవాటు వయసులో ఉన్నప్పటి నుంచీ ఉన్నది. పోయిన నెల కడుపు ఉబ్బరంగా ఉంటున్నదని హన్మకొండలో చూపించినప్పుడు, పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని డాక్టరు గారు అల్ట్రాసౌండ్ రాశారు. రాళ్లు లేవు, కానీ కుడి కిడ్నీ కింది భాగంలో గట్టి గడ్డ ఉన్నదని అందులో తేలింది. ఆ తర్వాత కాంట్రాస్ట్ మందు ఎక్కించి సీటీ స్కాన్ తీశారు. గడ్డ 4.8 సెంటీమీటర్లు ఉన్నదని, మందు ఎక్కించాక అది బాగా వెలిగిందని, రక్తనాళాల్లోకి గానీ లింఫు గ్రంథుల్లోకి గానీ పాకినట్టు కనిపించడం లేదని, ఎడమ కిడ్నీ మామూలుగా ఉన్నదని రిపోర్టులో రాశారు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.1 ఉన్నది.

యూరాలజీ డాక్టరు గారు ఇది చాలావరకు క్యాన్సరే అయి ఉంటుందని, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకోవాలని, వీలైతే గడ్డ వరకే తీస్తామని, వీలు కాకపోతే కిడ్నీ మొత్తం తీయవలసి వస్తుందని చెప్పారు. ముక్క పరీక్ష (బయాప్సీ) అక్కర్లేదన్నారు, కీమో గానీ కరెంటు (రేడియేషన్) గానీ ఇవ్వరన్నారు. ఇక్కడే మా ఇంట్లో అనుమానం మొదలైంది. మా మేనత్తకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు ముందు ముక్క తీసి పరీక్షించారు, తర్వాత కీమో ఇచ్చారు, ఆపరేషన్ ఆ తర్వాతే చేశారు. క్యాన్సర్ అని రుజువు కాకుండానే కిడ్నీ ఎట్లా తీస్తారని మా పెదనాన్న అడుగుతున్నారు. సూది గుచ్చినా కత్తి పెట్టినా గడ్డ ఒళ్లంతా పాకుతుందని, పసరు మందు ఇప్పిద్దామని ఇంకొకరు అంటున్నారు. మిర్చి చేనుకు ఏళ్ల తరబడి మందు కొట్టడం వల్లే ఇది వచ్చిందని మరికొందరు అంటున్నారు. బాపుకు నొప్పి లేదు, మూత్రంలో రక్తం రాలేదు, ఇప్పటికీ పొద్దున్నే చేనుకు పోతున్నారు. ఏ బాధా లేని మనిషికి ఇంత పెద్ద జబ్బు ఉన్నదంటే నమ్మడం ఎట్లా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

విశ్రాంత రేడియాలజిస్టు, హన్మకొండ:

రేడియాలజీ విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరైనవాడిని కాబట్టి స్కాన్ సంగతి కొంత విడమరచి చెప్పగలను. మీ బాపు గారి ఫిల్ములు నేను చూడలేదు కనుక దీన్ని సాధారణ వివరణగానే తీసుకోండి.

మీ పెదనాన్న గారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వారం వంటి చోట్ల ముక్క పరీక్ష లేకుండా క్యాన్సర్ చికిత్స మొదలుపెట్టరు, ఎందుకంటే అక్కడ ఏ చికిత్స ముందు, ఏది తర్వాత అన్నది ఆ పరీక్ష మీదే ఆధారపడి ఉంటుంది. కిడ్నీ దగ్గర ఆ వరుస వర్తించదు. పెద్దవారి కిడ్నీలో పుట్టే క్యాన్సర్లలో పదింటికి తొమ్మిది దాకా రీనల్ సెల్ కార్సినోమా అనే జాతికి చెందినవి, వాటిలో నాలుగింట మూడు వంతులు క్లియర్ సెల్ రకం. ఈ రకంలో వీహెచ్ఎల్ అనే జన్యువు చాలావరకు చెడిపోయి ఉంటుంది. అది చెడితే, చుట్టూ ప్రాణవాయువు సరిపడా ఉన్నా కణం తనకు అందడం లేదన్నట్టు ప్రవర్తించి, కొత్త రక్తనాళాలను పెంచే సంకేతాలను ఆపకుండా పంపుతూ ఉంటుంది. కణాలు ప్రాణవాయువును ఎట్లా పసిగడతాయో కనిపెట్టినందుకు 2019లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. వారిలో విలియం కేలిన్ ఈ వీహెచ్ఎల్ జన్యువు మీద పనిచేస్తూనే ఆ దారికి వచ్చారు.

గడ్డ నిండా రక్తనాళాలు ఉంటాయి కనుకనే కాంట్రాస్ట్ మందు ఎక్కించగానే అది వెలుగుతుంది. మందు ఎక్కించక ముందు ఒకసారి, ఎక్కించాక వేర్వేరు సమయాల్లో మరికొన్నిసార్లు బొమ్మలు తీసి, గడ్డ సాంద్రత హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో ఎంత పెరిగిందో కొలుస్తాము. 15 నుంచి 20 యూనిట్లకు మించి పెరిగితే లోపల రక్తప్రసరణ ఉన్న గట్టి కణజాలం ఉన్నట్టు లెక్క. నీటి తిత్తి అయితే అసలు పెరగదు. యాంజియోమయోలైపోమా అనే హానికరం కాని గడ్డలో కొవ్వు ఉంటుంది కాబట్టి దానిని సీటీలోనే చాలావరకు గుర్తుపట్టవచ్చు. తిత్తులను కూడా 1986లో మోర్టన్ బోస్నియాక్ ప్రతిపాదించిన తరగతుల ప్రకారం విడదీస్తారు: ఒకటి, రెండు తరగతుల వాటిని వదిలేయవచ్చు, నాలుగో తరగతి వాటిలో అత్యధికం క్యాన్సరే. ఈ మాట మీ బాపు గారికి వర్తించకపోయినా, అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ తిత్తి అని రాగానే బెంబేలెత్తి ఈ చర్చలోకి వచ్చేవారు ఉంటారు కనుక చెప్పాను. మామూలు నీటి తిత్తులు వయసు పెరిగేకొద్దీ చాలామందిలో కనిపిస్తాయి, వాటికి ఏ చికిత్సా అవసరం లేదు.

ఇక, ముక్క పరీక్ష చేశారనే అనుకుందాం. క్యాన్సర్ అని వస్తే ఆపరేషన్ చేయాలి. ఏమీ తేలలేదని వస్తే, సూది గడ్డలో సరైన చోటికి వెళ్లిందో లేదో అన్న అనుమానం మిగులుతుంది, సీటీలో ఇంత స్పష్టంగా వెలిగిన గడ్డను ఆ ఒక్క కాగితాన్ని నమ్మి వదిలేయలేరు. ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలో ఒకవైపు నుంచే పిడికెడు తీసి చూసి బస్తా మొత్తానికి ధర కట్టలేనట్టే, గడ్డలో ఒక మూల నుంచి వచ్చిన సన్నని ముక్క గడ్డ మొత్తం గురించి ప్రతిసారీ నిజం చెప్పకపోవచ్చు. రెండు విధాలా చేయవలసింది ఆపరేషనే అయినప్పుడు మధ్యలో ఆ పరీక్ష ఎందుకన్నది యూరాలజీ డాక్టర్ల ఆలోచన. తీసిన గడ్డను ఎట్లాగూ పెథాలజీకి పంపి పూర్తిగా పరీక్షిస్తారు. ఇందులో దాచకుండా చెప్పవలసిన విషయం ఒకటి ఉన్నది. నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డల్లో దాదాపు ఐదింట ఒకటి, తీసి చూశాక క్యాన్సర్ కాదని తేలుతుంది; గడ్డ పెద్దదయ్యేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. ముఖ్యంగా ఆంకోసైటోమా అనే హానిచేయని గడ్డను స్కాన్‌లో క్యాన్సర్ నుంచి నమ్మకంగా విడదీయలేము. కనుక మీ డాక్టరు గారు "చాలావరకు" అన్న మాట జాగ్రత్తగా ఎంచుకున్నదే.

సూది గుచ్చితే పాకుతుందన్న భయం గురించి: కిడ్నీ ముక్క పరీక్షలో సూది దారి వెంట క్యాన్సర్ కణాలు నాటుకోవడం నమోదైన సంగతే గానీ బహు అరుదు. డాక్టరు వద్దన్నది ఆ భయంతో కాదు. ఆపరేషన్ కత్తి వల్ల పాకుతుందన్న మాటకైతే ఆధారమే లేదు. కిడ్నీకే పరిమితమైన క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేయగల ప్రధాన మార్గం ఆపరేషనే.

నొప్పి లేకపోవడం ఈ జబ్బు స్వభావం. కిడ్నీలు కడుపు వెనుక భాగంలో, వెన్ను కండరాలకు ఆనుకుని లోతుగా ఉంటాయి, అక్కడ గడ్డ పెరగడానికి చోటు ఉంటుంది. నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం, చేతికి తగిలే గడ్డ అని పాత వైద్య గ్రంథాలు చెప్పే మూడు లక్షణాలూ కలిసి కనిపించేది పదిమందిలో ఒకరికి కూడా ఉండదు, అవి మూడూ కనిపించేసరికి జబ్బు సాధారణంగా ముదిరి ఉంటుంది. ఇప్పుడు సగానికి పైగా గడ్డలు మీ బాపు గారి విషయంలో జరిగినట్టే, వేరే కారణంతో తీసిన స్కాన్‌లో బయటపడుతున్నాయి. ఈ చర్చ చదివే మిగతావారికి ఒక విన్నపం: మూత్రం ఎర్రగా వస్తే వేడి చేసిందని సబ్జా గింజల నీళ్లు తాగి ఊరుకోకండి. నొప్పి లేకుండా ఒక్కసారి వచ్చి ఆగిపోయినా సరే, పరీక్ష చేయించుకోవాలి.

ఆపరేషన్‌కు ముందు ఛాతీ సీటీ తీయించమంటారు, ఎందుకంటే ఈ క్యాన్సర్ పాకితే ఎక్కువగా మొదట చేరేది ఊపిరితిత్తులకే. ఎముకల నొప్పి ఉంటేనో, రక్తపరీక్షలో అనుమానం వస్తేనో ఎముకల స్కాన్ చేస్తారు. చాలా కుటుంబాలు తమంతట తామే పెట్ స్కాన్‌కు పరుగెత్తి వేలకు వేలు ఖర్చు చేస్తున్నాయి. ఆ పరీక్షకు వాడే చక్కెర మందు మూత్రం ద్వారానే బయటికి పోతుంది కాబట్టి కిడ్నీ అంతా వెలిగిపోయి అసలు గడ్డే మరుగున పడవచ్చు, పైగా కొన్ని కిడ్నీ గడ్డలు ఆ మందును అంతగా పీల్చుకోవు. డాక్టరు ప్రత్యేకంగా కోరితే తప్ప దాని జోలికి పోవద్దు.

పసరు మందు గురించి కఠినంగానే చెబుతాను. దానివల్ల పోయేది సమయం ఒక్కటే అనుకోవద్దు. మన చేల గట్ల మీద పెరిగే గాడిదగడపాకు చెట్టు అరిస్టోలోకియా జాతిది. ఆ జాతి మొక్కల్లో ఉండే ఆమ్లం కిడ్నీలను పాడు చేస్తుందని, మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెస్తుందని నిరూపితమైంది. పసరులో ఏ ఆకు కలిపారో ఇచ్చేవారు చెప్పరు. ఒక కిడ్నీకి ఆపరేషన్ కాబోతున్న మనిషికి అటువంటిది తాగించకండి.

భూపాలపల్లి గృహిణి:

సార్ గారు స్కాన్ సంగతి చక్కగా వివరించారు. మా ఆయనకు ఎడమ కిడ్నీలో గడ్డ వస్తే గడ్డ వరకే తీసి కిడ్నీని కాపాడారు కాబట్టి, ఇంటివాళ్లు ఏం అడగాలో నేను చెప్పగలను.

మేము మొదట కలిసిన చోట కిడ్నీ మొత్తం తీయడం తేలికని, ప్రమాదం తక్కువని చెప్పారు. అది అబద్ధం కాదు. కిడ్నీ మొత్తం తీసేటప్పుడు దానికి వెళ్లే రక్తనాళాలను కట్టేసి తీసేస్తారు, గడ్డ వరకే తీయాలంటే రక్తనాళాన్ని కాసేపు బిగించి, గడ్డను చుట్టూ కొంచెం మంచి కణజాలంతో సహా కోసి, మిగిలిన కిడ్నీని కుట్టి, మళ్లీ రక్తం వదలాలి. ఈ పని అరగంట లోపే ముగియాలని, ఆలస్యమైతే మిగిలిన కిడ్నీ దెబ్బతింటుందని మాకు రెండో అభిప్రాయం ఇచ్చిన డాక్టరు వివరించారు. రక్తస్రావం, మూత్రం లీకు కావడం వంటి ఇబ్బందులు కూడా ఇందులోనే ఎక్కువ. అందువల్ల ఇది చేయి తిరిగినవారు చేయవలసిన ఆపరేషన్. మీరు డాక్టరు గారిని మొహమాటపడకుండా అడగవలసింది ఒక్కటే: "మీరు గడ్డ వరకే తీసే ఆపరేషన్లు తరచుగా చేస్తారా? మా బాపు గడ్డ దానికి అనువైన చోట ఉన్నదా?" సీటీ చూసి గడ్డ పరిమాణం, అది ఎంత బయటికి పొడుచుకుని ఉన్నది, మూత్రం చేరే భాగానికి ఎంత దగ్గర అన్నవి లెక్కించి నాలుగు నుంచి పన్నెండు దాకా ఒక స్కోరు వేస్తారు. తక్కువ వస్తే తేలిక, పది గానీ అంతకు మించి గానీ వస్తే కష్టం. మీ బాపుది కింది భాగంలో ఉన్నదన్నారు, అది ఆశ పెట్టుకోదగిన విషయమే.

వరంగల్‌లో చేయించాలా, హైదరాబాద్ పోవాలా అన్నది ప్రతి ఇంట్లో వచ్చే గొడవే. ఊరు పేరును బట్టి తేల్చుకునే విషయం కాదిది, ఆ డాక్టరు అనుభవాన్ని బట్టి తేల్చుకోండి. రెండో అభిప్రాయం కావాలంటే నిమ్స్‌లో యూరాలజీ విభాగం ఉన్నది, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకుపోతే లాభం లేదు, సీటీ బొమ్మలున్న సీడీని కూడా తీసుకువెళ్లాలి. లేకపోతే మళ్లీ స్కాన్ తీయించమంటారు, మళ్లీ కాంట్రాస్ట్, మళ్లీ ఖర్చు.

డబ్బు సంగతి: ఆహార భద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పరిమితి పెంచారు. కానీ ఆసుపత్రి జాబితాలో ఉన్నంత మాత్రాన సరిపోదు, మీ బాపుకు చేయబోయే ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో ఆ పథకం కింద చేస్తారా లేదా అన్నది చేరకముందే అక్కడ ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకోవాలి. ముందస్తు అనుమతి వచ్చాకే తేదీ ఇస్తారు. కార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా లేకపోతే అనుమతి దగ్గర చిక్కులు వస్తాయి కనుక అది ఇప్పుడే సరిచూసుకోండి. పథకం వర్తించని పక్షంలో బిల్లులన్నీ అసలు కాగితాలతో దాచిపెట్టి ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇంకొక మాట అన్నగా భావించి చెబుతున్నాను. బాపుతో బీడీలు ఈ రోజే మానిపించండి. మత్తు ఇచ్చే డాక్టరు గారు మా ఆయనను మొదట అడిగిన ప్రశ్న అదే. పొగ తాగేవారికి ఆపరేషన్ తర్వాత కఫం పట్టేసి, దగ్గినప్పుడల్లా కుట్ల దగ్గర ప్రాణం పోయినంత పని అవుతుంది.

గోదావరిఖని ఉపాధ్యాయుడు:

పై వివరణలతో ఏకీభవిస్తూనే, ముక్క పరీక్ష అక్కర్లేదన్న మాటను అందరికీ వర్తించే సూత్రంగా తీసుకోవద్దని మనవి. మా అమ్మకు గతంలో రొమ్ము క్యాన్సర్ చికిత్స జరిగింది, తర్వాత కిడ్నీలో గడ్డ కనిపించింది. అప్పుడు డాక్టర్లే ముక్క పరీక్ష చేయించారు, ఎందుకంటే పాత క్యాన్సర్ కిడ్నీకి చేరిందా, లేక ఇది కొత్తదా అన్నదాన్ని బట్టి చికిత్స పూర్తిగా మారిపోతుంది. లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) అనుమానం ఉన్నప్పుడు, చీము గడ్డ కావచ్చన్నప్పుడు, జబ్బు అప్పటికే ఇతర అవయవాలకు పాకి మందులు మొదలుపెట్టవలసినప్పుడు కూడా ముక్క పరీక్ష తప్పనిసరి. గడ్డ మూడు సెంటీమీటర్ల లోపు ఉండి, ఆపరేషన్‌కు బదులు సూది ద్వారా వేడితోనో అతిచల్లదనంతోనో కాల్చే పద్ధతి ఎంచుకుంటే, గడ్డ బయటికి రాదు కనుక ముందే ముక్క తీసుకోవాలి.

వయసు మీదపడి, గుండె జబ్బు వంటివి ఉన్నవారిలో చిన్న గడ్డ కనిపిస్తే ఏమీ చేయకుండా స్కాన్లతో గమనిస్తూ ఉండడం కూడా గుర్తింపు పొందిన పద్ధతే. అటువంటి చిన్న గడ్డలు సగటున ఏడాదికి మూడు మిల్లీమీటర్ల మేరకే పెరుగుతాయి. మీ బాపుకు 58 ఏళ్లే, గడ్డ దాదాపు ఐదు సెంటీమీటర్లు, మనిషి గట్టిగా ఉన్నారు కాబట్టి ఆయనకు ఈ దారి సరిపోదు. కానీ 80 ఏళ్ల తాతకు రెండు సెంటీమీటర్ల గడ్డ ఉన్నదని రేపు ఎవరైనా ఇక్కడ అడిగితే జవాబు వేరుగా ఉంటుంది. కాబట్టి మీ డాక్టరును "ముక్క పరీక్ష ఎందుకు చేయలేదు" అని నిలదీసినట్టు కాకుండా, "మా బాపు విషయంలో ముక్క పరీక్ష ఫలితం మీ నిర్ణయాన్ని మారుస్తుందా" అని అడగండి. ఆయన కారణం చెప్పగలిగితే మీ పెదనాన్న గారికి కూడా ధైర్యం వస్తుంది.

జగిత్యాల నుంచి:

మా చిన్నాయనది వేరే పరిస్థితి. విడవని దగ్గుతో పోతే టీబీ అనుకున్నారు, తీరా చూస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు, వాటి మూలం కిడ్నీలో ఉన్నది. కీమో ఎందుకు ఇవ్వరని మేమూ అడిగాము. మామూలు కీమో మందులకు ఈ క్యాన్సర్ దాదాపుగా లొంగదని, కరెంటు కూడా ఎముకల నొప్పి తగ్గించడానికో, మెదడులో మచ్చలకో తప్ప అసలు చికిత్సగా ఎక్కువగా వాడరని చెప్పారు. దీనికి వాడేవి వేరు. గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా అడ్డుకునే గోళీలు ఒక రకం. సునిటినిబ్, పజోపానిబ్, యాక్సిటినిబ్, కాబోజాంటినిబ్ అటువంటివి. సునిటినిబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2006లో. అంతకుముందు పాకిన కిడ్నీ క్యాన్సర్‌కు ఇవ్వదగిన మందులు చాలా తక్కువ. రెండోవి శరీరంలోని రోగనిరోధక కణాలను క్యాన్సర్ మీదికి వదిలే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు: నివోలుమాబ్, ఇపిలిముమాబ్, పెంబ్రోలిజుమాబ్. ఇప్పుడు వీలైనవారికి ఈ రెండు రకాలనూ కలిపి గానీ, రెండు ఇమ్యునోథెరపీ మందులను కలిపి గానీ ఇస్తున్నారు. ధర మాత్రం మన వంటి ఇళ్లకు అందనంత. మా చిన్నాయనకు దేశీయ కంపెనీ సునిటినిబ్ మొదలుపెట్టారు.

ఆ గోళీలతో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొక్కుతాయి, నోరు పూస్తుంది, బీపీ పెరుగుతుంది, థైరాయిడ్ మందగిస్తుంది. ఇవన్నీ మందు తట్టుకునేలా మోతాదు మార్చి, క్రమం మార్చి సర్దుకునేవే గనుక డాక్టరుకు చెప్పకుండా ఇంట్లోనే మందు ఆపేయకూడదు. మా చిన్నాయన అరికాళ్ల మంటకు భయపడి ఆపుతానన్నాడు, మోతాదు తగ్గించాక కుదురుకున్నాడు. జబ్బు పూర్తిగా పోలేదు, కానీ పెరగడం లేదు, తన పనులు తాను చేసుకుంటున్నాడు. అన్నా, మీ బాపుకు అది కిడ్నీలో ఉండగానే దొరికింది. ఇంతకన్నా అదృష్టం ఏముంటుందని మా ఇంట్లో వాళ్లం మీ ప్రశ్న చదివి అనుకున్నాము.

నర్సంపేట వాసి:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఉపాధ్యాయుడు గారు చెప్పినట్టే అడిగాను. ముక్క పరీక్ష ఎట్లా వచ్చినా తన నిర్ణయం మారదని, బాపుకు వేరే క్యాన్సర్ చరిత్ర లేదని, గడ్డ సగానికి పైగా కిడ్నీ బయటికి ఉన్నదని డాక్టరు గారు బొమ్మ చూపించి వివరించారు. ల్యాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల ద్వారా, గడ్డ వరకే తీయడానికి ప్రయత్నిస్తామన్నారు. ఛాతీ సీటీలో ఏమీ లేదు. పెదనాన్న ఒప్పుకున్నారు. బాపు మాత్రం ఒకటే అడుగుతున్నారు: ఒకవేళ కిడ్నీ మొత్తం పోతే డయాలసిస్ చేయించుకోవలసి వస్తుందా, మళ్లీ చేను పని చేయగలనా అని. ఆపరేషన్ తర్వాత వచ్చే రిపోర్టులో మేము ఏం చూడాలో కూడా చెప్పగలరా?

విశ్రాంత రేడియాలజిస్టు, హన్మకొండ:

మీ బాపు గారి భయానికి జవాబు 1869లోనే దొరికింది. ఆ ఏడాది జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్ సైమన్ అనే సర్జన్, ఒక కిడ్నీతో మనిషి బతకగలడా అన్నది ముందు జంతువుల్లో పరీక్షించి చూసి, తర్వాత ఒక స్త్రీకి కిడ్నీ తీశాడు. ఆమె కోలుకున్నది. ఈ రోజు కిడ్నీ దానం చేసినవారంతా ఒక కిడ్నీతోనే జీవిస్తున్నారు. ఎడమ కిడ్నీ బాగుండి, క్రియాటినిన్ 1.1 ఉన్న మనిషికి కుడిది పూర్తిగా తీసినా డయాలసిస్ అవసరం పడే అవకాశం బహు తక్కువ. అయినా కిడ్నీని నిలపాలని డాక్టర్లు తాపత్రయపడేది, రాబోయే ఇరవై ఏళ్లలో బీపీ వల్ల ఉన్న కిడ్నీ నెమ్మదిగా దెబ్బతినే ప్రమాదం ఉన్నది కనుకనే. ఆ బీపీ పొగాకు, ఊబకాయాలతో పాటు ఈ క్యాన్సర్‌కు నిర్ధారితమైన కారణాల్లో ఒకటి కూడా. మిర్చి చేనుకు కొట్టే మందునే కారణంగా చూపడానికి అంతటి గట్టి ఆధారం లేదు. అయినా ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగు లేకుండా మందు కొట్టడానికి అది అనుమతి కాదు.

చేను పని తప్పకుండా చేయగలరు. ల్యాప్రోస్కోపీ అయితే తొందరగా కోలుకుంటారు, అయినా మొదటి నెల, నెలన్నర బరువులు ఎత్తకూడదు. ముఖ్యంగా మందు కొట్టే పంపు వీపుకు తగిలించుకోవడం, బస్తాలు మోయడం సర్జన్ సరేననే దాకా మానాలి. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర పొంచి ఉంటుంది: నడుము నొప్పికీ, మోకాళ్ల నొప్పికీ వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు, ఐబుప్రోఫెన్ గోళీలు కిడ్నీ మీద భారం వేస్తాయి. ఫలానా ఆపరేషన్ అయిందని ఒక చీటీ రాసి బాపు చొక్కా జేబులో పెట్టండి, మందు తీసుకునే ముందు అది చూపించే అలవాటు చేయించండి.

పెథాలజీ రిపోర్టులో మొదట చూడవలసింది గడ్డ రకం: క్లియర్ సెల్, పాపిల్లరీ, క్రోమోఫోబ్, లేక హానిచేయనిదా అన్నది. తర్వాత గ్రేడు, అంటే కణాలు ఎంత చెడిపోయాయన్నది ఒకటి నుంచి నాలుగు దాకా వేస్తారు. కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు ఉన్నాయా, కిడ్నీ చుట్టూ ఉన్న కొవ్వులోకి గానీ సిరలోకి గానీ పాకిందా అన్నవి అన్నిటికన్నా ముఖ్యం. సీటీలో కనిపించినట్టే గడ్డ కిడ్నీకే పరిమితమై, నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్ల మధ్య ఉంటే దానిని టీ1బీ అంటారు, అది మొదటి దశే. కిడ్నీ దాటకముందే గుర్తించినవారిలో ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు నూటికి తొంభైకి పైగా ఉన్నారని అమెరికా క్యాన్సర్ లెక్కలు చెబుతున్నాయి. ఆ దశలో ఆపరేషన్ తర్వాత మరే మందూ ఇవ్వరు. కొవ్వులోకో సిరలోకో పాకిందని తేలితే మాత్రం, తిరగబెట్టకుండా ఏడాది పాటు పెంబ్రోలిజుమాబ్ ఇవ్వడం గురించి క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడవలసి ఉంటుంది. ఇందుకు అమెరికాలో అనుమతి 2021లో వచ్చింది.

తర్వాత మొదట్లో ఆరు నెలలకొకసారి, ఆపై ఏడాదికొకసారి కడుపుకూ ఛాతీకీ స్కాన్లు, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించమంటారు. కనీసం ఐదేళ్ల పాటు వీటిని వదలకండి, ఆ తర్వాత కూడా డాక్టరు చెప్పే దాకా మానకండి. ఈ క్యాన్సర్ పదేళ్ల తర్వాత తిరిగి కనిపించిన సందర్భాలు ఉన్నాయి. రిపోర్టుతో పాటు పెథాలజీ బ్లాకులు (మైనంలో దాచిన గడ్డ ముక్కలు), స్లైడ్లు ఎక్కడ భద్రపరుస్తారో, మీకు ఎప్పుడు ఇస్తారో డిశ్చార్జి రోజే అడిగి రాయించుకోండి. రేపు వేరే చోట రెండో అభిప్రాయం కావలసి వస్తే వారు అడిగేది వాటినే.